సోమయాజులుగారి సోల

మన్యంలో పితూరీ సద్దుమణిగిన మూడో ఏడు అది. నర్సీపట్నంలో అడవుల దొర కచేరీకి సోమయాజులుగారు హెడ్డు గుమాస్తా. ఆయనకి లోకంలో రెండింటి మీదే గురి. ఒకటి గాయత్రి, రెండోది తన లెక్క. కచేరీ తొందరలో గాయత్రి అయినా అప్పుడప్పుడు ఓ పది తగ్గేదేమో గాని, లెక్క మాత్రం ఇరవయ్యారేళ్ళలో ఒక్కనాడూ తప్పలేదు. కొయ్యూరు అడవిలో ఎన్ని దుంగలు కొట్టారు, ఎన్ని బళ్ళకెత్తారు, దారిలో ఎన్ని మాయమయ్యాయి అన్నది ఆయన చూసి "సరి" అన్నారంటే దొర మళ్ళీ చూసేవాడు కాదు.

ఇక లంచం అన్నమాట ఆయన దగ్గర ఎత్తకూడదు. ఓ కలప కంట్రాక్టరు కొడుక్కి పెళ్ళి కుదిరిందని అరటిపళ్ళ అత్తం తెచ్చి అరుగు మీద పెడితే, దాన్ని చేత్తో ముట్టుకోకుండా వీధిలో పోయే ఆవుని పిలిపించి, కంట్రాక్టరు చూస్తూండగానే తినిపించారు. మనిషి మంచివారే. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. తప్పు ఎటునుంచి వచ్చిందా అని నలుదిక్కులా వెతుకుతారు గాని, ఓసారి తమ వైపు కూడా చూసుకోవాలని తోచదు.

అలాంటి మనిషికి ఆ చలికాలంలో కేకు తూచే పని పడింది.

దొర బంగళాలో వంట అప్పయమ్మది. బలిఘట్టం మనిషి, మొగుడు పోయి పదేళ్ళయింది. ఇదివరకు మిషనులో ఓ కెనడా దొరసాని దగ్గర వంటచేసి, ఆవిడ దగ్గరే కేకు నేర్చుకుంది. ఆ దొరసాని పిండికీ పంచదారకీ అన్నిటికీ ఒకటే పింగాణీ కప్పు పెట్టి కొలిచేది. కప్పన్నాక ఏనాటికైనా పగలక తప్పదని ఎరిగిన అప్పయమ్మ, దానికీ తన ఇత్తడి సోలకీ సరిపోతుందని ముందే నీళ్ళు పోసి చూసిపెట్టుకుంది. అనుకున్నట్టే కప్పు పగిలింది, దొరసాని తన దేశం వెళ్ళిపోయింది, సోల మిగిలింది. ఆ సోలతోనే ఇప్పుడు అడవుల దొర బంగళాలో కేకు. రెండు సోలల పిండి, ఒక సోల పంచదార, ఇంత వెన్న, ఆరు గుడ్లు. కిరసనాయిలు డబ్బాలో ఇసుక పోసి, కిందా మీదా నిప్పులు పెట్టి కాల్చేది. ఆ వాసన వచ్చిందంటే కచేరీలో గుమాస్తాల కలాలు ఆగిపోయేవి. గుడ్లు పడ్డ పదార్థం గనక సోమయాజులుగారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు. వాసన మాత్రం బాగుంటుందని ఆయన భార్య వర్ధనమ్మగారితో కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ కేకు తిన్న వాళ్ళలో వాల్తేరు పెద్ద దొరసాని ఒకావిడ. కేంపుకి వచ్చి, రెండు ముక్కలు తిని, మూడోది రుమాల్లో కట్టుకుని వెళ్ళింది. వెళ్ళినావిడ ఊరుకోక ఉత్తరం రాసింది. క్రిస్మసు పండక్కి తమ ఇంట్లో ముప్పై మందికి విందుట. ఆ కేకు ఎలా చెయ్యాలో, ఏది ఎన్ని ఔన్సులో రాసి పంపమని.

మన దొరసాని అప్పయమ్మని పిలిచి అడిగింది.

"రొండు సోల్లు పిండమ్మగారూ. ఓ సోల పంసదార."

"సోల అంటే ఎన్ని ఔన్సులు?"

"సోలంటే సోలేనమ్మగారూ."

దొరసాని దొర వైపు చూసింది. దొర, "మన సోమయాజులు ఉన్నాడుగా, తూచి పట్టీ రాసిపెడతాడు," అన్నాడు. ఆ మాట అనేసి, ఇద్దరూ గుర్రాలెక్కి చింతపల్లి కేంపుకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే సోమయాజులుగారు తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, బంగళా వరండాలోకి వచ్చారు. వెనకాల బంట్రోతు జోగులు కచేరీ త్రాసు పట్టుకొచ్చాడు. దొరసాని వంటింట్లోనూ ఒక త్రాసు ఉంది గాని, దాని మీద ఏమేం తూగాయో ఆ దేవుడికే ఎరుక. కచేరీ త్రాసైతే సీళ్ళు వేసిన కాగితాలు తప్ప మరొకటి ఎరగదు. అయినా మంచిదని దాని మీద పసుపునీళ్ళు చల్లించారు.

"ఊఁ, కానియ్యవే అప్పయమ్మా. ముందు పిండి."

అప్పయమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, దూరంగా కూచుంది. సోల కళ్ళకద్దుకుంది. పిండిలో ముంచి తీసింది. నేల మీద రెండుసార్లు తట్టింది. పిండి కిందికి దిగినచోట మళ్ళీ పోసింది. పైన గోపురం కట్టింది. గోపురం మీంచి జారినదాన్ని దోసిట్లోకి పట్టి మళ్ళీ పైకెత్తింది. చివర కొసరుగా ఇంకో చిటికెడు వేసి, తలవంచుకుని త్రాసు పళ్ళెంలో ఒంపింది.

సోమయాజులుగారు ఇదేదీ చూడలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని త్రాసు ముల్లునే చూస్తున్నారు. సోల వైపు చూడ్డానికేముంది? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్న సోలే.

"పది ఔన్సులు," అన్నారు. రాళ్ళు అటువి ఇటు, ఇటువి అటు మార్చి మళ్ళీ చూశారు. పదే. రెండో సోలా పదే. ఆయనకి ముచ్చటేసింది. నికరమైన వస్తువంటే అలా ఉండాలి. పంచదారా అలాగే గోపురంతో తూగింది. వెన్న ఉండ కూడా తూచారు.

గుడ్ల దగ్గర ఆగారు.

"అవి తూచక్కర్లేదు. లెక్క చెప్పు చాలు," అని అటు తిరిగి కూచున్నారు. గుడ్లన్న మాటని తన కలంతో రాయడానికీ మనసొప్పలేదు. చాలాసేపు ఆలోచించి, ఇంగ్లీషులో "గుండ్రని వస్తువులు, ఆరు" అని రాశారు. కింద ఒక గీత గీసి, "ఇవన్నియు నా సమక్షమున తూచి సరిచూడబడినవి" అని సంతకం పెట్టారు. ఆ పట్టీ ఎంత అందంగా వచ్చిందంటే, దానికో నకలు తీసి ఫైల్లో కూడా పెట్టుకున్నారు.

పండగ వెళ్ళిన వారానికి వాల్తేరు నుంచి జవాబు వచ్చింది.

ఉత్తరం పొట్టిది. పట్టీలో రాసినట్టే, ఒక్క ఔన్సు అటూ ఇటూ కాకుండా చేశారుట. గుండ్రని వస్తువులంటే ఏమిటో తెలుసుకోడానికే ఒక పూట పట్టిందిట. ముప్పై మంది ఎదుట కేకు కొయ్యబోతే కత్తి దిగలేదుట. మర్యాద కోసం ఒక మేజరు దొర ముక్క విరుచుకుని నోట్లో పెట్టుకుంటే ముందుపన్ను కదిలిందిట. "మీ ఆదరానికి కృతజ్ఞురాలిని" అని కింద రాసింది. తిట్టినా బాగుండేది.

దొరసాని మొహం కందగడ్డయింది. అప్పయమ్మని దూరంగా కూచోబెట్టి, పట్టీ ఎదురుగా పెట్టుకుని, తన చేత్తో తనే తూచి చేసింది. వచ్చింది కేకు కాదు, ఇటిక. బంగళా కుక్కకి పడేస్తే, అది నోట కరుచుకుని వెళ్ళి పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టింది. మర్నాడు అప్పయమ్మని చెయ్యమంటే, ఎప్పటిలాగే దూదిలాంటి కేకు వచ్చింది.

ఇంకేం కావాలి? దొరసాని తేల్చేసింది. తన పనితనం ఇంకెవరికీ దక్కకూడదని అప్పయమ్మ గుమాస్తాకి దొంగ కొలతలు చెప్పింది. అబద్ధాలాడే మనిషి ఇంట్లో ఉండడానికి వీల్లేదు.

దొర మాత్రం సోమయాజులుగారిని పిలిచి ఒక్కమాట అడిగాడు. "పట్టీలో పొరపాటేమైనా ఉండడానికి వీలుందా?"

"లేదు సార్. ప్రతి గింజా నా ఎదుట తూగింది," అన్నారు సోమయాజులుగారు. ఆ ప్రశ్నకే ఆయన మనసు నొచ్చుకుంది.

"అయితే తప్పు ఆ మనిషిదే. శనివారంతో ఆఖరు."

సోమయాజులుగారు తలూపి బయటికి వచ్చేశారు. తన తలూపుతో ఎవరి కూడు పోయిందో ఆ క్షణాన ఆయనకి పట్టలేదు. పట్టీ నిలబడింది, అంతే చాలు.

శుక్రవారం మధ్యాహ్నం అప్పయమ్మ సోమయాజులుగారింటి అరుగు కింద నిలబడింది. కొంగులో సోల మూటకట్టి ఉంది.

"బాబూ, నాను అబద్దం ఆడనేదండి. మీ ముందరే కదా కొలిసినాను."

"నా ముందరే కొలిచావు. నేనే తూచాను. అందుకేగా పట్టీ సరిగ్గా ఉందన్నాను."

"మరైతే నాను దొంగనెలా అయిపోనానండి?"

సోమయాజులుగారు వేళ్ళు మడిచి లెక్కవేసుకున్నారు. పట్టీ సరి. కొలత సరి. కేకు మాత్రం ఇటిక. ఇందులో ఎవరో ఒకరు తప్పు కాకపోతే లెక్క తెగదు.

"ఏటి సేసీది బాబూ. మా పిల్ల లోవమ్మ పురిటికొచ్చి ఉంది. నాలుగు నోళ్ళు. ఇంకో దొర కొంపకెల్దునా అంటే, దొంగకొలతల్దాన్ని ఎవులు పెట్టుకుంతారండి." ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే కసిరి పంపేయడానికి ఆయనకి తేలికయేది.

"సరే. మళ్ళీ తూద్దాం," అన్నారు విసుగ్గా. జోగుల్ని పంపి త్రాసు తెప్పించారు. పెద్ద బజారునుంచి పిండి తెప్పించారు. అప్పయమ్మ సోల కళ్ళకద్దుకుంది, ముంచింది, తట్టింది, మళ్ళీ పోసింది, గోపురం కట్టింది, కొసరు వేసింది.

పది ఔన్సులు.

"చూశావా!" అన్నారు సోమయాజులుగారు. చూశావా అన్నాక, చూడవలసినదేమిటో ఆయనకే తెలియలేదు. మళ్ళీ తూచారు. పది. మూడోసారీ పది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు కూడా, ఆ మూడు కాళ్ళూ మూడుసార్లు లెక్కపెడితే ఒక్కోసారి అనుమానపడతాడు. కాని ఈయన లెక్కకి సాక్ష్యంగా ఇత్తడి త్రాసు ఉంది.

లోపల గుమ్మం దగ్గర వర్ధనమ్మగారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో. బియ్యం ఏరుతున్న చేట చేతిలో అలాగే ఉంది.

"ఏవండీ, ఆ పిండి స్వయంపాకం ఇస్తోందా ఏవిటి మీకు?"

"స్వయంపాకమేవిటి? కేకు కొలత!"

"మరి గోపురం దేనికి?"

సోమయాజులుగారికి అర్థం కాలేదు. "సోలకి గోపురం ఉండదా ఏవిటి?"

వర్ధనమ్మగారు ఆయన వైపు అదోలా చూశారు. ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మనిషికి పెరట్లో నుయ్యి ఎటుందో తెలియదన్నట్టు చూశారు. చేట కింద పెట్టి, "అప్పయమ్మా, బంగళాలో కేక్కి కూడా ఇలాగే కొలుస్తావుటే?" అన్నారు.

"అయ్యో, నేదమ్మగారూ. ఆడ పిండి జల్లించీసి, సోల్లో పోసీసి, ఏలితో పైన గీసీయడవే. గోపురం కడితే కేకు పొంగుద్దేటి?"

"వేలితో గీసేస్తావా?" సోమయాజులుగారి గొంతు పెరిగింది. "మరి నా ముందెందుకు గియ్యలేదే?"

అప్పయమ్మ రెండు చెవులూ పట్టుకుంది. "మీ ముందరా బాబూ! బేపనోరి ముందర పైన గీసీసిన సోల కొలుత్తానేటి? ఇంట్లో పురిటి మనిషి ఉంది. మా అయ్య ఎప్పుడూ సెప్పీవోడు, బేపనోరికి కొలిసినప్పుడు సోల ఒలికితేనే ఇల్లు నిండుద్దని. మీరు త్రాసట్టుకొని ఎదురుగా కూకుంటే, నా సెయ్యెలా గీత్తాదండి?"

జోగులు త్రాసు వెనకాల తల దించుకుని, భుజాలు కదలకుండా నవ్వడానికి నానా అవస్థా పడుతున్నాడు.

"ఒక్కసారి గియ్యవే," అన్నారు సోమయాజులుగారు.

"నావల్ల కాదు బాబూ."

"ఉద్యోగం పోతుందే నీకు!"

"ఉజ్జోగం పోతే ఇంకోటి ఒత్తాది. పిల్లకి ఏటైనా అయితే ఎవులు తెత్తారండి?"

ఆయన అటు తిరిగి గోడవైపు మొహం పెట్టి, "ఇప్పుడు గియ్యి" అన్నారు. లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడి "ఇప్పుడు" అన్నారు. అప్పయమ్మకి తలుపు కింద ఆయన కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. చెయ్యి కదలలేదు. చివరికి వర్ధనమ్మగారు ఆయన్ని పెరట్లోకి తరిమి, తనూ బ్రాహ్మలే గనక తను కూడా లోపలికి పోయి వీధి తలుపు గెడ వేసి, జోగుల ఎదుట మాత్రం గీయించారు. జోగులు ముల్లు చూసి కేకేశాడు.

"ఏడండీ బాబూ! ఏడంటే ఏడే!"

నూతి దగ్గర నిలబడ్డ సోమయాజులుగారికి ఆ కేక వినబడింది. ఏడు. సోలకి మూడు ఔన్సుల తేడా. పిండికే ఆరు ఔన్సులు. పంచదార సంగతి సరేసరి. గుండ్రని వస్తువులు మాత్రం ఆరే. ఇటిక కాక ఏమవుతుంది? నలభై తొమ్మిదేళ్ళ ఆయన జన్మలో ఆయన ఎదుట ఎవరూ పైన గీసేసిన సోల కొలవలేదు. సోలంటే గోపురంతోనే పుడుతుందనుకున్నారు. తిన్న అన్నంలోనూ, చెప్పిన లెక్కలోనూ ఆ గోపురం ఉంది.

సాయంత్రం సంధ్యవార్చడానికి కూచుంటే అర్ఘ్యాలు ఎన్ని విడిచారో గుర్తులేదు. అసలు చిక్కు ఇప్పుడే మొదలైంది. అప్పయమ్మ దొంగ కాదని చెప్పాలంటే, దొర ఎదుట నిలబడి, "సార్, జనం నాకు కొలత కంటే ఎక్కువ ఇస్తారు" అని చెప్పాలి. గుమాస్తా ఆ మాట అంటే, తెల్లవాడి చెవికి అది ఎలా వినిపిస్తుంది? ఇరవయ్యారేళ్ళు ఆవులకి అరటిపళ్ళు మేపి కాపాడుకున్న పేరు. చెప్పకపోతేనో, శనివారంతో ఆఖరు. మింగలేక కక్కలేక, ఆ రాత్రి ఆయన అన్నం సగంలో లేచారు.

"పైన గీసి పెట్టానని కోపమా?" అన్నారు వర్ధనమ్మగారు. ఆయన నవ్వలేదు.

శనివారం పొద్దున్న బంగళాకి వెళ్ళేసరికి దొర, దొరసాని వరండాలో టీ తాగుతున్నారు. మెట్ల కింద అప్పయమ్మ మూటతో నిలబడి ఉంది. సోమయాజులుగారు ఆవిడ వైపు చూడకుండా మెట్లెక్కారు. తలపాగా సర్దుకున్నారు. కచేరీ ఇంగ్లీషు ఎంత వచ్చినా, గోపురం అన్నదానికి అందులో మాట దొరకలేదు.

"సార్, పట్టీ తప్పు. తప్పు నాది. నా ఎదుట కొలిస్తే కొలత పెరుగుతుంది."

"పెరగడమేమిటి?"

"జనం నాకు ఎక్కువ కొలుస్తారు సార్."

దొర కప్పు కింద పెట్టాడు. "నీకు ఎక్కువ కొలుస్తారా? ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటినుంచి, సార్."

"ఎందుకు?"

"పుట్టాను గనక, సార్."

దొర మొహం ఎర్రబడింది. లంచమనే అనుకున్నాడు. సోమయాజులుగారు కావాలంటే అక్కడితో ఆగి, ఏదో సర్దేసి వచ్చేయచ్చు. కాని మెట్ల కింద అప్పయమ్మ ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఆయన మొహమే చూస్తోంది. "తమరు పరీక్ష చేసి చూడవచ్చు, సార్. నన్ను బయటికి పంపి ఒకసారి, లోపల ఉంచి ఒకసారి," అన్నారు.

ఆ పరీక్ష గురించి నర్సీపట్నంలో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. దొరసాని త్రాసు దగ్గర తనే కూచుంది. సోమయాజులుగారు వరండాలో నిలబడ్డారు. అప్పయమ్మ సోల కళ్ళకద్దుకుని కొలిచింది. పది. సోమయాజులుగారిని గేటు బయటికి పంపించారు. అప్పయమ్మ కొలిచి, వేలితో చటుక్కున గీసింది. ఏడు. మళ్ళీ లోపలికి పిలిచారు. పది. మళ్ళీ పంపించారు. ఏడు. దొరకి నమ్మకం కుదరక ఇంకా రెండుసార్లు పంపాడు. ఎండలో గేటు దాకా వెళ్ళడం, రావడం. తలపాగా తడిసింది. ఒకసారి గేటు దాకా వెళ్ళి వెనక్కి తొంగిచూసేసరికి, గియ్యబోతున్న అప్పయమ్మ వేలు గాల్లోనే ఆగిపోయింది. దొర లేచి ఆయన్ని రోడ్డు మీదికి తోలాల్సి వచ్చింది.

నాలుగోసారికి దొర పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఇరవయ్యారేళ్ళ సర్వీసు! హెడ్డు గుమాస్తా బరువు సరిగ్గా మూడు ఔన్సులు!" అన్నాడు. దొరసానికీ నవ్వాగలేదు. ఆవిడ పట్టీ తీసుకుని పదుల్ని కొట్టేసి ఏడులు వేసింది. పంచదార కూడా గీసి తూచింది. "గుండ్రని వస్తువులు" అన్నదాన్ని కొట్టేసి "గుడ్లు" అని రాసింది. ఆ తరవాత మెట్లు దిగి, అప్పయమ్మ చేతిలో మూట తనే తీసుకుని వంటింట్లోకి నడిచింది. క్షమించమని ఏ దొరసానీ చెప్పదు. మూట మోసింది, అదే గొప్ప.

అప్పయమ్మ వెనకాలే వెళ్తూ, సోమయాజులుగారి దగ్గర ఒక్క క్షణం ఆగింది. "నా మూలాన్న నవ్వులపాలైపోనారు బాబూ."

"పోనియ్యవే," అన్నారాయన. ఆ మాట మనసులోంచే వచ్చింది. తన పేరు పోలేదు, ఆవిడ కూడు పోలేదు. తేలిగ్గా ఉంది. రోడ్డు మీద నడుస్తూంటే నవ్వు కూడా వచ్చింది. మూడు ఔన్సులు!

పెద్ద బజారు దాటేసరికి నవ్వు ఆగింది. లెక్కల మనిషికి ఉండే జబ్బు అది. ఒకచోట హెచ్చిందంటే ఇంకోచోట తగ్గి ఉండాలి, లేకపోతే కూడిక కుదరదు. తనకి సోలకి మూడు ఔన్సులు హెచ్చు. నలభై తొమ్మిదేళ్ళు. మరి తగ్గిందెవరికి?

ఇంటికి వచ్చేసరికి వంటింటి గుమ్మం దగ్గర వర్ధనమ్మగారు వారపు బియ్యం కొలుస్తున్నారు. అంట్లు తోమి, వడ్లు దంచే సోమలమ్మకి కూలి బియ్యం. మెట్టు కింద సోమలమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. వర్ధనమ్మగారు సోల డబ్బాలో ముంచారు, అరచేత్తో పైన ఒక్క గీత గీశారు. పైగింజలు టపటపమని డబ్బాలోకి రాలాయి. ఆ చప్పుడు ఆయన ఇంట్లో ప్రతి వారమూ వినబడేదే. ఇవాళే మొదటిసారి విన్నారు.

"ఆగు," అన్నారు. "గియ్యకు. గోపురం పెట్టు."

వర్ధనమ్మగారు ఆయన మొహంలోకి చూశారు. ఏమనుకున్నారో, మారుమాటాడకుండా సోల మళ్ళీ ముంచి, పట్టినన్ని గింజలు నిలబెట్టి, రెండు చేతుల్తో పట్టుకుని గుమ్మం దాటించారు.

సోమలమ్మ కొంగు చాచలేదు. సోల వైపు చూసింది, అమ్మగారి వైపు చూసింది, వెనకాల నిలబడ్డ అయ్యగారి వైపు చూసింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నానేటి తప్పు సేసినానమ్మా? పన్లోంచి తీసేత్తన్నారా?"

"లేదే," అన్నారు సోమయాజులుగారు. "అది నీదే. ఊరికే, నీదే. తీసుకో."

ఊరికే అన్న మాట ఆవిణ్ణి మరీ భయపెట్టింది. చెయ్యి చాచి, అమ్మగారి చేతిలో ఉన్న సోల మీద తన అరచెయ్యి ఆనించి, జాగ్రత్తగా, ఒక్క గింజ కింద పడకుండా, గోపురాన్నంతా రెండో చేతిలోకి గీసి, వొంగి, గుమ్మం లోపల పెట్టింది. అప్పుడు కొంగు పట్టింది.

"నా సోల నాకు సాలు బాబూ," అంది. "రేపు పన్లోకి రావాల గదా."